రాసి రాసి అరిగిన జ్ఞాపకం

మనిషికి మతిమరుపు వస్తే వయసు మీద పడిందంటాం. పద్నాలుగు నెలల యంత్రానికి వస్తే ఏమనాలి? కవితలకూ కాలేజీ కబుర్లకూ నడుమ ఈ మోటారు గొడవేమిటని మిత్రులు విసుక్కోవద్దు. ఇది మా ఇంటి గొడవే గాని, మనం ల్యాబులో నేర్చుకుంటున్న చదువు గొడవ కూడా.

మాది భావనపాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ కూల్చేసింది. ఆ తర్వాత నాన్న మళ్లీ కొబ్బరి మొక్కలు వేశాడు. ఇసుక నేల. ఎండాకాలం తడి తప్పితే లేత మొక్క తట్టుకోదు. అందుకని మోటారుకు ఆటోమేటిక్ కంట్రోలర్ బిగించాం. కరెంటు పోయి వస్తే, ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకొని మిగిలిన నిమిషాలు నడపడం దాని పని. గ్యారంటీ ఏడాది.

పద్నాలుగో నెలలో, నడివేసవిలో, అది లెక్క తప్పింది. కరెంటు వచ్చిన ప్రతిసారీ, తడి పెట్టడం అయిపోయిందనుకొని మోటారు ఆపేసేది. "మోటారుకేటీ అవలేదురా, డబ్బాకే మతి పోనాది" అన్నాడు నాన్న. మెకానిక్కు మాత్రం వోల్టేజి మీద నెపం పెట్టి, కొత్తది కొనమన్నాడు.

నేను దాన్ని సంచిలో వేసుకొని కాలేజీకి తెచ్చాను. సీనియర్ల సాయంతో చిప్పును చదివి చూస్తే మిగతా గదులన్నీ బాగానే ఉన్నాయి. నిమిషాల లెక్క రాసే గది ఒక్కటే రాసింది నిలుపుకోవడం లేదు. నాన్న మాటే నిజమైంది!

ఎందుకిలా? ఇలాంటి చిప్పుల్లో ప్రతి గదిలోనూ, చుట్టూ ఆక్సైడ్ పొరతో మూసేసిన ఒక చిన్న గేటు ఉంటుంది. 1967లో బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ జీ అనే ఇద్దరు ఈ ఏర్పాటు చెప్పారు. ఎలక్ట్రాన్లను ఆ పొర గుండా లోపలికి నెడితే ఒక అంకె, బయటికి లాగితే మరో అంకె. కరెంటు లేకపోయినా అవి కదలవు. కాని రాసిన ప్రతిసారీ పొర కొంచెం దెబ్బతింటుంది. మడి గట్టును రోజూ ఒకేచోట తెంచి, మళ్లీ మట్టి వేస్తే ఏమవుతుందో రైతుబిడ్డలకు చెప్పనక్కర లేదు. చదవడం వల్ల ఈ అరుగుదల రాదు. రాయడం వల్లనే.

ఇక లెక్క చూడండి. వ్యవసాయ కరెంటు రోజుకు తొమ్మిది గంటలు. మా డబ్బా కరెంటు ఉన్నంతసేపూ నిమిషానికోసారి ఒకే గదిలో రాస్తుంది. అంటే రోజుకు 540 సార్లు. చిప్పు చేసినవాళ్లు పూచీ పడింది ఒక్కో గదికి లక్ష రాతలకు. భాగిస్తే 185 రోజులు! ఆ తర్వాత నడిచినన్నాళ్లూ అది దాని మంచితనం. ఏడాది గ్యారంటీ రాసిన కాగితం మీద ఈ 185 రోజుల సంగతి ఎక్కడా లేదు.

ఇది పేదవాడి డబ్బాకే వచ్చిన రోగం కాదు. 2021లో అమెరికాలో టెస్లా కంపెనీ దాదాపు 1,35,000 కార్లను ఇందుకే వెనక్కి పిలవాల్సి వచ్చింది. వాటి తెర వెనకాల ఉన్న మెమరీ రాసి రాసి అరిగిపోతే, బండి వెనక్కి తీసేటప్పుడు చూపించే కెమెరా బొమ్మ పోయేది. అక్కడ అడగడానికి ప్రభుత్వ సంస్థ ఉంది. మా కొబ్బరి మొక్కల తరఫున ఎవరు అడుగుతారు?

మందు లేదా అంటే ఉంది. ఒక్క గదికి బదులు యాభై గదుల్లో వంతులవారీగా రాస్తే 185 రోజులు 9,250 రోజులవుతాయి. అంటే పాతికేళ్లు. లెక్కను మామూలు ర్యామ్‌లో ఉంచుకొని, కరెంటు పోయే క్షణంలో, కెపాసిటర్ నిలిపే ఆ కొద్ది మిల్లీసెకన్లలో ఒక్కసారి రాస్తే ఇంకా మేలు. విలువ మారినప్పుడే రాయడం అన్నిటికన్నా తేలిక. డబ్బు పెట్టగలిగితే, వెయ్యి కోట్ల రాతలకు పైగా ఓర్చుకొనే ఎఫ్‌ర్యామ్ చిప్పులూ ఉన్నాయి. మొదటి మందుకు పైసా ఖర్చు లేదు, ప్రోగ్రాములో పది వరుసలు చాలు.

"చిప్పు చవక, డబ్బా మార్చుకోవచ్చు గదా" అనేవారున్నారు. చిప్పు చవకే. ఎండిన మొక్క చవక కాదు. మాకు ఆ వేసవి పదకొండు మొక్కలు పోయాయి.

తప్పు కంపెనీదే అని చేతులు దులుపుకోలేను. ఆ ప్రోగ్రాము రాసిందీ మనలాంటి విద్యార్థే అయి ఉండాలి. ల్యాబులో మన ప్రోగ్రాము పది నిమిషాలు నడిస్తే చాలు, రికార్డు మీద సంతకం పడిపోతుంది. పదేళ్లు నడుస్తుందా అని అడిగేవారు లేరు. అధ్యాపకులకు నా మనవి ఒక్కటే. మెమరీలో రాసే ప్రతి ప్రాక్టికల్‌కూ చివర, ఇది ఎన్ని రోజులు బతుకుతుందో లెక్క కట్టించండి. ఒక్క భాగాహారం అది. తయారీదారులు కూడా ఆ అంకెను డబ్బా మీద అచ్చు వేయాలి.

మేం కొత్త చిప్పు వేసి, యాభై గదుల పద్ధతిలో ప్రోగ్రాము మళ్లీ రాశాం. డబ్బా ఇప్పుడు తోటలో ఉంది. "ఈసారి ఎన్నాళ్లు గుర్తుంచుకుంటాదిరా?" అని నాన్న అడిగితే, జవాబు చెప్పగలిగాను.