కిట్టు కొనకండి, మన్ను తెండి
పిల్లల చేత బొమ్మలు చేయించాలంటే క్రాఫ్ట్ కిట్టు కొనాలన్న భ్రమ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దాకా వచ్చేసింది. ముక్కలన్నీ ముందే కత్తిరించి పెట్టిన ఆ డబ్బాలో పిల్లలకు మిగిలేది జిగురు పూసే పనే. అంతకన్నా మంచి పాఠం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. భాద్రపదంలో, బతుకమ్మకు ముందు 9 రోజులు ఆడే బొడ్డెమ్మను పీట మీద పుట్టమన్నుతో అంతస్తులుగా పేర్చి, అలికి, ముగ్గేసి, పూలు పెడతారు. నీళ్లు ఎక్కువైతే మన్ను జారుతుంది, తక్కువైతే పగులుతుంది. ఆ లెక్క పిల్లల వేళ్లకే అందుతుంది. పండుగ లేని రోజున మోదుగాకులు, ఈనెపుల్లలు ఇస్తే విస్తరి కుట్టడం నేర్చుకుంటారు. ఆకులు దొరకని ఇంట్లో పాత పేపరు, చింతగింజల జిగురు చాలు. చేర్యాల బొమ్మలకు రంపపు పొట్టులో కలిపేదీ ఆ జిగురే. అయితే రెండు అలవాట్లు మానుకోవాలి. ఒకటి, బొడ్డెమ్మ ఆడపిల్లల ఆటని మగపిల్లలను లేపి పంపడం. మన్ను పిసకడానికి ఆడామగా తేడా ఏమిటి? రెండోది, వంకరగా వచ్చిందని పెద్దలు సరిదిద్దడం. మనం నున్నగా చేసి పెట్టాక అది మన బొమ్మే, పిల్లలది కాదు. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద నగిషీ చెక్కే చేతులూ మొదట ఎన్నో రేకులు పాడుచేసే ఉంటాయి. పాడుచేసే హక్కు ఇవ్వకుండా పనితనం రమ్మంటే రాదు.