ఇంటి పనివారి విషయంలో యజమాని బాధ్యత ఎంత? ఉక్కు నగరం ముందున్న ప్రశ్న

జంషెడ్‌పూర్: భారత కార్మిక చరిత్రలో జంషెడ్‌పూర్‌ది విశిష్ట స్థానం. ఇక్కడి టాటా ఉక్కు కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం 1912లోనే అమలులోకి వచ్చింది. భవిష్యనిధి 1920లో ఏర్పడింది. దేశంలోని ఇతర కార్మికులకు ఆ హక్కును చట్టం కల్పించింది 1952లో. అయితే ఈ నగరంలోని ఇళ్లలో అంట్లు తోమి, వంట చేసి, పసిపిల్లలను సాకే మహిళలకు నేటికీ భవిష్యనిధి లేదు. వారి కోసం ప్రత్యేక కేంద్ర చట్టమూ లేదు. బిష్టుపూర్, కదమా, సోనారి, సాక్చి ప్రాంతాల్లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇది తమ ఇంటి ప్రశ్నే.

నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చాయి. ఈ నేపథ్యంలో, ఇంట్లో పనిమనిషిని నియమించుకున్న గృహస్థుడు చట్టరీత్యా ఏమి చెల్లించాలి, ఏ పన్ను కట్టాలి అన్నది పరిశీలించదగిన అంశం.

పన్ను: ఉన్నా లేనట్టే

జీతం చెల్లించే వ్యక్తి ఎవరైనా, ఆ జీతం పన్ను పరిధిలోకి వస్తే మూలం వద్దే పన్ను మినహాయించాలన్నది ఆదాయపు పన్ను చట్టం విధించిన నియమం. గృహ యజమానికి ఇందులో ప్రత్యేక మినహాయింపు లేదు. అయితే 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో రూ.12 లక్షల వరకు ఆదాయంపై పన్ను భారం లేదు. జీతంపై రూ.75 వేల ప్రామాణిక తగ్గింపును కలిపితే ఆ పరిమితి రూ.12.75 లక్షలకు చేరుతుంది. అంటే నెలకు లక్ష రూపాయలు దాటిన జీతానికే ఈ ప్రశ్న తలెత్తుతుంది. కాబట్టి ఇంటి పనివారి జీతంపై పన్ను మినహాయింపు ఆచరణలో శూన్యం.

మరోవైపు, పనివారికి ఇచ్చే జీతాన్ని గృహస్థుడు తన ఆదాయం నుంచి తగ్గించి చూపే వీలు లేదు. అది వ్యక్తిగత వ్యయం కిందకే వస్తుంది. ఫలితంగా ఆ చెల్లింపును నమోదు చేయవలసిన అవసరం గానీ, చేస్తే కలిగే ప్రయోజనం గానీ ఉభయులకూ కనిపించదు.

భవిష్యనిధి గడప దాటని ఇల్లు

ఉద్యోగుల భవిష్యనిధి సాధారణంగా 20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు వర్తిస్తుంది. ఈఎస్ఐకి ఆ సంఖ్య 10. ఒకరిద్దరు పనివారుండే ఇల్లు ఈ లెక్కలోకి రాదు. ప్రసూతి ప్రయోజనం, గ్రాట్యుటీ కూడా ఇదే కారణంగా దూరమవుతున్నాయి. దీనికి తోడు ఒక్కో మహిళ నాలుగైదు ఇళ్లలో పనిచేయడం సర్వసాధారణం. అందరూ జీతమిచ్చేవారే అయినా ఆమె వృద్ధాప్యానికి పూచీ వహించే యజమాని ఒక్కరూ ఉండరు.

సామాజిక భద్రతా కోడ్, 2020 గృహ కార్మికులను అసంఘటిత రంగ వేతన కార్మికులుగా గుర్తించింది. 2008 నాటి అసంఘటిత కార్మికుల చట్టం కూడా ఈ గుర్తింపును ఇచ్చింది. గుర్తింపు ఉన్నా, వారి పేరిట ప్రతి నెలా ఇంత జమ చేయాలన్న బాధ్యత యజమానిపై పడలేదు. అసలు లోపం ఇక్కడే ఉంది.

కనీస వేతనం: హక్కు, సందేహం

కనీస వేతనాల చట్టం కింద గృహ కార్మికులను షెడ్యూలులో చేర్చిన రాష్ట్రాల్లో ఝార్ఖండ్, ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి. ఆ చట్టం స్థానంలో వచ్చిన వేతనాల కోడ్, 2019 ఉద్యోగులందరికీ కనీస వేతనం వర్తిస్తుందని చెబుతోంది. కానీ అందులో ‘సంస్థ’ నిర్వచనం పరిశ్రమ, వర్తకం, వ్యాపారం, తయారీ, వృత్తి సాగే ప్రదేశాల గురించి మాట్లాడుతుందే తప్ప, ‘గృహం’ అన్న మాటను నేరుగా పేర్కొనదు. పాత ప్రకటనలు కొత్త కోడ్‌కు విరుద్ధం కానంతవరకు కొనసాగుతాయి గనుక ప్రస్తుతానికి అవే ఆధారం. ఈ సందిగ్ధతను ప్రభుత్వమే స్పష్టంగా తొలగించవలసి ఉంది.

తప్పించుకోలేని బాధ్యతలు

కొన్ని విషయాల్లో మాత్రం చట్టం నిర్ద్వంద్వంగా ఉంది. ఇంటి పనికి పిల్లలను నియమించడంపై 2006 అక్టోబర్ 10 నుంచి నిషేధం ఉంది. 2016 సవరణ 14 ఏళ్ల లోపువారిని ఏ పనిలోనూ పెట్టుకోరాదని నిర్దేశించింది. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 ప్రకారం ఇల్లు కూడా పని ప్రదేశమే. బాధితురాలు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. పనివారిని కుదిర్చే ఏజెన్సీల నియంత్రణకు ఝార్ఖండ్ 2016లో ప్రత్యేక చట్టం చేసింది. సిమ్‌డేగా, గుమ్లా, ఖూంటీ జిల్లాల ఆదివాసీ బాలికలను పని పేరిట ఢిల్లీ వంటి నగరాలకు తరలించిన ఉదంతాలు దీని అవసరాన్ని చాటాయి. నమోదు లేని దళారి ద్వారా పనివారిని తెచ్చుకోవడం అక్రమ రవాణాకు ఊతమివ్వడమే కాగలదని గృహస్థులు గ్రహించాలి.

యాభై రూపాయల లెక్క

చట్టం బలవంతం చేయకున్నా, ఉన్న పథకాలతో కొంత సాధ్యమే. 2019లో ప్రారంభమైన ప్రధానమంత్రి శ్రమయోగి మాన్‌ధన్ పథకంలో 18 నుంచి 40 ఏళ్ల వయసు, నెలకు రూ.15 వేల లోపు ఆదాయం గలవారు చేరవచ్చు. వయసును బట్టి నెలకు రూ.55 నుంచి రూ.200 చెల్లిస్తే కేంద్రం అంతే మొత్తాన్ని జత చేస్తుంది. 60 ఏళ్ల తర్వాత నెలకు రూ.3 వేల పింఛను లభిస్తుంది. ఇంటి పనివారి తరఫున యజమానులు ఈ చందా చెల్లించేందుకు వీలుగా 2022 మార్చిలో ‘డొనేట్ ఎ పెన్షన్’ కార్యక్రమం మొదలైంది.

నలభై ఏళ్ల మహిళ చెల్లించవలసిన రూ.200ను ఆమె పనిచేసే నాలుగు ఇళ్లు పంచుకుంటే ఒక్కో ఇంటికి పడేది రూ.50. ఏటా రూ.20 ప్రీమియంతో ప్రమాద బీమా, రూ.436తో జీవిత బీమా కూడా ఉన్నాయి. అయితే నలభై దాటినవారికి ఈ పింఛను పథకంలో ప్రవేశం లేదు. జీవితమంతా ఇళ్లలో శ్రమించి నడివయసుకు చేరినవారే దీనికి బయట మిగిలిపోతున్నారు.

విదేశాల అనుభవం

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఈ విషయం సుపరిచితం. అక్కడ ఒక ఆయాకు 2025లో 2,800 డాలర్లు, అంతకు మించి నగదు వేతనం చెల్లించిన కుటుంబం సామాజిక భద్రత, మెడికేర్ పన్నులు కట్టాలి. వేతనంలో 7.65 శాతం యజమాని వాటా, అంతే శాతం కార్మికురాలి వాటా. ఆ జమే ఆమెకు రేపటి పింఛను అర్హత అవుతుంది. ఫ్రాన్స్ మరో మార్గం ఎంచుకుంది. ఇంటి పనికి చేసిన వ్యయంలో సగం వరకు, నిర్ణీత పరిమితికి లోబడి, పన్ను రాయితీగా తిరిగి ఇస్తోంది. దీంతో జీతాన్ని దాచడం కన్నా ప్రకటించడమే గృహస్థుడికి లాభదాయకమవుతుంది.

ముందున్న దారి

గృహ కార్మికులకు చట్టబద్ధ రక్షణ ఆవశ్యకతను పరిశీలించేందుకు మంత్రిత్వ శాఖల ఉమ్మడి కమిటీని ఏర్పాటు చేయాలని జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ ఉజ్జల్ భూయాన్‌ల ధర్మాసనం 2025 జనవరి 29న కేంద్రాన్ని ఆదేశించింది. గృహ కార్మికుల హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒడంబడికకు అనుకూలంగా ఓటేసిన భారత్, దానిని నేటికీ ధ్రువీకరించలేదు.

ఇంటింటికీ కర్మాగారపు నిబంధనలు వర్తింపజేయడం అసాధ్యం, అనవసరం కూడా. ఈ-శ్రమ్ సంఖ్య ఆధారంగా ప్రతి కార్మికురాలికి ఒకే ఖాతా, ఆమె పనిచేసే ప్రతి ఇంటి నుంచి జీతానికి తగిన స్వల్ప చందా, దానిని నిర్వహించే రాష్ట్ర సంక్షేమ మండలి ఉంటే చాలు. తమిళనాడులో, మహారాష్ట్రలో గృహ కార్మికుల సంక్షేమ మండళ్లు ఇప్పటికే ఉన్నాయి. చందా చెల్లించిన గృహస్థుడికి చిన్న పన్ను రాయితీ ఇస్తే నమోదు దానంతట అదే పెరుగుతుంది.

చట్టం కోసం వేచి చూడకుండా కార్మికుడికి భవిష్యనిధి ఇచ్చిన చరిత్ర జంషెడ్‌పూర్‌ది. కర్మాగారం గేటు వరకే ఆగిపోయిన ఆ సంప్రదాయం ఇళ్లలోకి రావడానికి ఆర్థిక భారం అడ్డుకాదని పై లెక్కలే చెబుతున్నాయి.