యూరప్ చట్టం, మన వంశవృక్షం

నేను చదివింది కన్నడ మీడియం, తెలుగు అక్షరాలు అవ్వ దగ్గర నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకోండి.

పోయిన నెల పెద్దనాయన మన వంశవృక్షంలో అందరి పుట్టినతేదీలు, ఫోన్ నంబర్లు కూడా వేద్దామన్నారు. నేను వద్దన్నాను. "నీ ఆఫీసు చాదస్తం ఇంట్లో ఎందుకురా" అన్నారు. అందుకే ఇది రాస్తున్నా.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. మా పనంతా యూరప్ వాళ్లకి. 2018 మే 25న అక్కడ జీడీపీఆర్ అమలుకి వచ్చింది. అంతకుముందు టెస్టింగుకి అసలు కస్టమర్ల డేటానే కాపీ చేసి ఇచ్చేసేవాళ్లు. ముక్కూమొహం తెలియని ఎవరిదో జీతం, జబ్బు నా స్క్రీన్ మీద కనిపించేవి. చట్టం వచ్చాక కల్పిత డేటా తయారుచేసుకోవాల్సి వచ్చింది. రెండు రోజుల పని వారం పట్టేది, బాగా విసుక్కున్నాం. కానీ అసలు డేటాలో ఎన్నడూ తగలని తప్పులు ఆ కల్పిత డేటాతోనే బయటపడ్డాయి.

ఇలాంటి చట్టాలు టెక్నాలజీని ఆపేస్తాయంటారు. ఆలస్యం చేస్తాయి, నిజమే. ఇటలీ 2023 మార్చి చివర చాట్‌జీపీటీని ఆపించింది. వయసు తనిఖీ, 'నా సమాచారం ట్రైనింగుకి వాడొద్దు' అని చెప్పుకునే దారి చేర్చాక ఏప్రిల్ చివర మళ్లీ తెరుచుకుంది. పోయింది ఒక నెల. నాకది నష్టంగా అనిపించలేదు.

నచ్చనిది వేరే ఉంది. 2023లో మెటాకి 120 కోట్ల యూరోల జరిమానా వేశారు. అంత పెద్ద కంపెనీ లాయర్లని పెట్టుకుని కొట్లాడుతుంది. పదిమంది ఉన్న చిన్న కంపెనీ గతేంటి? చట్టం భారం వాళ్ల మీదే ఎక్కువ పడుతోంది. ఇక కుకీల పెట్టె సంగతి సరేసరి, చదివి నొక్కేవాళ్లని నేను చూడలేదు.

పెద్దనాయనకి చెప్పిన కథ ఇది. స్వీడన్‌లో చర్చి పని చేసే ఒకావిడ తన వెబ్‌పేజీలో తోటివాళ్లని అడక్కుండా వాళ్ల పేర్లు, కొందరి ఫోన్ నంబర్లు పెట్టింది. ఒకామె కాలికి దెబ్బ తగిలి సగం పూటే పనికి వస్తోందనీ రాసింది. చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. 2003లో యూరప్ కోర్టు, అప్పటి పాత చట్టం కింద, ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా పెడితే అది ఇంటి వ్యవహారం కాదంది. కాలి దెబ్బ కూడా ఆరోగ్య సమాచారమేనంది.

మన బ్లాగుని ఆ చట్టం పట్టుకోదు, సరే. కానీ పుట్టినతేదీ, అమ్మ పుట్టింటి పేరు బ్యాంకు ఫోన్లో అడిగే ప్రశ్నలు కదా! రెండూ మన వంశవృక్షంలో ఒకే గీత మీద దొరుకుతాయి.

జీడీపీఆర్ కూడా చనిపోయినవాళ్లకి వర్తించదు. కాబట్టి ముత్తాతల సంగతులు ఎన్నైనా రాద్దాం. ఉన్నవాళ్లవి అడిగి వేద్దాం, నంబర్లు వాట్సాప్ గ్రూపులోనే ఉంచుదాం. అత్త పుట్టిన సంవత్సరం మాత్రం పెద్దనాయనే అడగాలి, నాకంత ధైర్యం లేదు.