ఎరుకల భాషకు గ్రంథాలయంలో ఒక బీరువా

ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల శాఖ సంచాలకుల వారికి, అమృతలూరు నుంచి ఒక పాఠకుడు రాసుకునేది.

బాపట్ల జిల్లాలో ఏదైనా ఒక శాఖా గ్రంథాలయంలో ఎరుకల భాషను చూసుకోవడానికి ఒక మనిషిని వేయండి. ఆ మనిషి ఎరుకల ఇంట్లో పుట్టి, ఆ మాట మాట్లాడుతూ పెరిగినవారై ఉండాలి. నేను అడిగేది ఇంతే. ఎందుకడుగుతున్నానో చెప్పడానికే మిగతా కాగితం.

గ్రంథాలయోద్యమం అంటే మా వైపు వాళ్ళకు కాస్త గర్వం ఎక్కువే. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. చదివేవాడు రాకపోతే పుస్తకమే వాడి రేవుకు వెళ్ళింది. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనానికి 1929లో గాంధీగారు వచ్చి శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికలు కావాలంటే పరిశోధకులు ఈనాటికీ అక్కడికే వస్తారు. ఆ వేటపాలెంలో బాపట్ల వైపు రైలెక్కండి. చీరాల దాటాక స్టూవర్టుపురం వస్తుంది.

నేరస్థ జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో అమలయ్యాక, ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ పెట్టి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. ఊరికి పేరు కూడా స్టూవర్టు అనే తెల్లదొరదే. పుట్టుకతోనే దొంగ అని ముద్రవేసి, హాజరు తీసుకుని, ఊరు దాటాలంటే చీటీ అడిగిన ఆ చట్టం దేశమంతటా పోయింది 1952లోనే. ఇక వాళ్ళ గురించి రాతకేం తక్కువ లేదు. 1909లో థర్‌స్టన్ దొర కులాలు, తెగల సంపుటాల్లో రాశాడు. పోలీసులు రికార్డుల్లో రాసుకున్నారు. 1991లో, 2023లో సినిమాలు వచ్చాయి. అన్నీ వాళ్ళ గురించే, వాళ్ళ మాటలో మాత్రం కాదు.

ఆ మాట వినాలంటే ఏ అడవికీ పోనక్కర్లేదు. తెనాలి సంతలో బుట్టలమ్మే ఎరుకల అవ్వ దగ్గర కాసేపు నిలబడితే చాలు. ఈత బరికెలు చీల్చి, అడుగు అల్లి, అంచు బిగిస్తూనే మనతో తెలుగులో బేరమాడుతుంది. ధర దగ్గర మనం పట్టుబడితే పక్కనున్న కూతురితో కుర్రు భాషలో, అంటే తమ ఎరుకల మాటలో, ఓ మాట అంటుంది. ఇద్దరూ నవ్వుతారు. మన పిసినారితనం మీదేనని అర్థమవుతుంది గానీ ఏమన్నదో తెలియదు! ఆ కూతురి బిడ్డ మాత్రం బడిలో తెలుగో ఇంగ్లీషో నేర్చుకుని, ఇంట్లోనూ అదే మాట్లాడుతోంది. 2011 జనాభా లెక్కల్లో ఎరుకల తమ మాతృభాష అని చెప్పింది 58 వేల మందే. ఆ లెక్కను కూడా తమిళం కింద కలిపేశారు.

మనిషి ఎరుకల వారే కావాలని పట్టుబట్టడానికి కారణముంది. వాళ్ళకు పోలీసులంటే, రాసుకోవడానికి వచ్చేవాడంటే భయం ఊరికే రాలేదు. పైగా వాళ్ళ మాటలన్నీ అందరికీ వినిపించేవి కావు. సోది చెప్పే తీరు ఆడవాళ్ళ బతుకుతెరువు. దాన్ని రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టేస్తే ఎవడికి లాభం? ఆస్ట్రేలియాలో వారుముంగు ఆదివాసులు ఈ చిక్కు విప్పుకున్నారు. ఎవరు ఏది చూడొచ్చో వాళ్ళే నిర్ణయించేలా ముకుర్తు అనే డిజిటల్ భాండాగారం వాళ్ళతో కలిసి తయారైంది. కెనడాలో బ్రయన్ డీర్ అనే మొహాక్ లైబ్రేరియన్ 1970లలో తన జనం కోసం పుస్తకాల వర్గీకరణనే మార్చాడు. డ్యూయీ పద్ధతిలో చరిత్ర గదిలో మూలన పడే ఆదివాసులు ఆయన అరల్లో తమ పేర్లతో, తమ బంధుత్వాల వరసలో నిలబడ్డారు.

మన దగ్గరే ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండు పెద్దల ఇళ్ళలో దాగిన రాతప్రతులను జయధీర్ తిరుమలరావు గారి వంటివారు వెలికితీశారు. ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. కుర్రు భాషకు లిపి లేదు. తెలుగు అక్షరాల్లో రాసుకోవచ్చు, ముందుగా గొంతులు రికార్డయితే.

డబ్బు మాట వస్తుంది, తెలుసు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు ఎరుకల ఇళ్ళ నుంచీ వసూలవుతోంది. ఒక జీతం, ఒక మంచి రికార్డరు, తాళమున్న ఒక బీరువా చాలు. తాళంచెవి ఆ మనిషి దగ్గరే ఉండాలి. పెళ్ళిపాటలు, అల్లికలో ఒక్కో పని పేరు, ఉప్పు గాడిదల మీద మోసిన కాలపు కథలు ముందు పట్టుకోండి. సోది సంగతి వాళ్ళు ఒప్పుకుంటేనే.

నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి. ఏటా జరిగే వ్యాసరచన పోటీలతో పాటు ఈసారి ఒక రోజు స్టూవర్టుపురంలో పెట్టండి. ఉపన్యాసాలు తగ్గించి, ఈ పనికి ఎవరు తగినవారో అక్కడి పెద్దవాళ్ళనే అడగండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అమృతలూరు, బాపట్ల జిల్లా