మిషన్ వచ్చింది... నడిపేవారేరీ?

ఏదైనా ఆస్పత్రి గురించి చెప్పుకొనేటప్పుడు మనం మూడు సంగతులు అడుగుతాం. పడకలెన్ని, స్పెషలిస్టు డాక్టర్లు ఎవరు, మిషన్లేమున్నాయి? క్యాథ్‌ల్యాబ్ ఉందంటే ఇక దిగుల్లేదనుకుంటాం. దాన్ని నడిపే టెక్నాలజిస్టులు ఎంతమంది, రాత్రి రెండు గంటలకు వాళ్లలో ఒక్కరైనా ఉంటారా అని అడిగినవాళ్లను ఇన్నేళ్ల సర్వీసులో నేను చూడలేదు. పేషెంట్ల బంధువులే కాదు, ప్రారంభోత్సవాలకు వచ్చే పెద్దలూ అడగరు. రిబ్బన్ కత్తిరిస్తారు, మిషన్ పక్కన నిలబడి ఫొటో దిగుతారు, వెళ్లిపోతారు.

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్‌ని. ఇంటర్వెన్షనల్ రేడియాలజీ నా విభాగం కాదు. అయినా నా వార్డు నుంచి ఆ గదికి వెళ్లేవాళ్లు తక్కువేమీ కాదు. లివర్‌లో చీముగడ్డ ఉన్నవాళ్లు, డయాలిసిస్ కోసం చేతికి పెట్టిన ఫిస్టులా సన్నబడినవాళ్లు, షుగర్ ముదిరి కాలివేళ్లు నల్లబడినవాళ్లు, పక్షవాతంతో వచ్చినవాళ్లు. పెద్ద కోత లేకుండా గజ్జల్లోనో మణికట్టు దగ్గరో చిన్న రంధ్రం చేసి, ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ, సన్నని తీగలతో, గొట్టాలతో లోపలి పని చక్కబెట్టే వైద్యమిది. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు, కాలు తీసేయడానికి ససేమిరా అన్న 82 ఏళ్ల పెద్దావిడకు మూసుకుపోతున్న కాలి ధమనిని ఇలాగే వెడల్పు చేశారు. ఆవిడ కాలు దక్కింది. ఈ వైద్యానికి అదే తొలి మైలురాయి. మన దగ్గర గుండె డాక్టర్లు వాడే క్యాథ్‌ల్యాబ్, రేడియాలజిస్టులు వాడే డీఎస్‌ఏ గది చాలాచోట్ల ఒకటే. టెక్నాలజిస్టులూ వాళ్లే.

ఆ గదిలో టెక్నాలజిస్టు అంటే ‘ఎక్స్‌రే తీసే అబ్బాయి’ అని చాలామంది అనుకుంటారు. ఆ అబ్బాయి ఏం చేస్తాడో ఒక్క కేసు తీసుకుని చూద్దాం.

ఎప్పుడో పదేళ్ల కిందట టీబీ వచ్చి, మందులన్నీ వాడి తగ్గించుకున్న మనిషి. ఊపిరితిత్తిలో మచ్చ మిగిలింది. ఓ రాత్రి ఉన్నట్టుండి దగ్గుతో గ్లాసుల కొద్దీ రక్తం పడుతుంది. ఇలాంటివాళ్లకు ప్రాణం మీదికొచ్చేది ఒంట్లో రక్తం తగ్గిపోయి అనుకుంటాం. చాలాసార్లు అసలు ప్రమాదం వేరు: ఆ రక్తమే శ్వాసనాళాల్లో నిండిపోయి ఊపిరాడదు. మందులతో ఆగకపోతే, రక్తం కారుతున్న బ్రాంకియల్ ధమనిని లోపలి నుంచే మూసేయాలి. గజ్జల్లోంచి గొట్టాన్ని బృహద్ధమనిలోకి పంపి, ఆ చిన్న ధమని మొదలు ఎక్కడుందో వెతికి పట్టుకుని, సన్నని ఇసుక లాంటి కణాలను అందులోకి వదులుతారు.

వదిలేది డాక్టర్. ఎక్కడ వదలాలో తెలిసేది తెర మీది బొమ్మను బట్టి. ఆ బొమ్మ టెక్నాలజిస్టు చేతిలో ఉంటుంది. డీఎస్‌ఏ పద్ధతిలో కాంట్రాస్ట్ మందు ఎక్కించకముందు ఒక బొమ్మ తీస్తారు. మందు ఎక్కాక వచ్చే బొమ్మల్లోంచి కంప్యూటర్ ఆ మొదటిదాన్ని తీసివేస్తుంది. ఎముకలు మాయమై రక్తనాళాలు మాత్రం మిగులుతాయి. ఈలోపు పేషెంట్ కదలకూడదు. నోటి నిండా రక్తంతో దగ్గుతున్న మనిషిని కదలొద్దంటే ఎలా కుదురుతుంది? దగ్గుకూ దగ్గుకూ మధ్య తెరిపి కనిపెట్టి, ‘పెద్దాయనా, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టండి’ అని ఆయనకు అర్థమయ్యే భాషలో, భయం పోయేలా చెప్పి, సరిగ్గా ఆ క్షణంలో బొమ్మ తీయాలి. చెదిరితే అక్కడికక్కడే కంప్యూటర్‌లో సర్దాలి. ఇంత పట్టింపు ఎందుకంటే, కొందరిలో వెన్నుపాముకు రక్తం తీసుకెళ్లే సన్నని ధమని కూడా అక్కడి నుంచే చీలుతుంది. తెర మీద అది వెంట్రుక లాంటి గీత. చెదిరిన బొమ్మలో ఆ గీత కలిసిపోయి, కణాలు అటు వెళితే రెండు కాళ్లూ చచ్చుబడొచ్చు. డాక్టర్ కళ్లతో పాటు ఇంకో అనుభవమున్న కళ్ల జత తెర మీద ఉంటే తమకెంత ధైర్యమో మా రేడియాలజిస్టులు చెబుతుంటారు.

బొమ్మతో పని అయిపోదు. కాంట్రాస్ట్ మందును తోసే ఇంజెక్టర్‌లో సెకనుకు ఎన్ని మిల్లీలీటర్లు, మొత్తం ఎన్ని, ఎంత ఒత్తిడితో అన్నవి కేసును బట్టి మారతాయి. బృహద్ధమనికి పెట్టిన అంకెలతోనే సన్నని గొట్టంలోకి తోస్తే గొట్టం పగులుతుంది. గొట్టంలో గాలి బుడగ మిగిలిపోయి మెదడు ధమనిలోకి వెళితే పక్షవాతం వస్తుంది. ఇక అలమరా నిండా తీగలు, గొట్టాలు, బెలూన్లు, కాయిల్స్. 0.035 అంగుళాల తీగ మీద వెళ్లే బెలూన్ వేరు, 0.018 అంగుళాల తీగకు సరిపోయేది వేరు. డాక్టర్ చెయ్యి చాచగానే సరైనది అందాలి. పొరపాటున వేరేది విప్పితే ఆ స్టెరైల్ ప్యాకెట్ వృథా, దాని ఖరీదు ఆస్పత్రి మీదో మీ బిల్లు మీదో పడుతుంది. ఈ అలమరా నోటికి వచ్చేసరికి ఎవరికైనా రెండు మూడేళ్లు పడుతుంది. అందుకే ఏడాది కాంట్రాక్టుకు ఒకరిని తీసుకుని, పని నేర్చుకున్నాక వదులుకోవడం నాకు ఎప్పటికీ అర్థం కాని పొదుపు.

ఇదంతా జరిగేది ఎక్స్‌రేల మధ్య. ఎక్స్‌రేలు కనుక్కున్నది 1895లో. ఆ మోజులో థామస్ ఎడిసన్ కూడా ప్రయోగాలు మొదలుపెట్టారు. ఆయన దగ్గర క్లారెన్స్ డాలీ అనే సహాయకుడు ట్యూబ్ సరిగా వెలుగుతోందో లేదో చూడటానికి తన చేతినే అడ్డంపెట్టి పరీక్షించేవాడు. చేతులు కాలిపోయాయి, పుండ్లు పడ్డాయి, క్యాన్సర్ వచ్చింది. రెండు చేతులూ తీసేసినా 1904లో చనిపోయాడు. ఎడిసన్ ఆ ప్రయోగాలే మానేశారు. ఎక్స్‌రేలకూ రేడియానికీ ప్రాణాలు బలిపెట్టినవారి కోసం 1936లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఒక స్మారక స్తంభం నిలబెట్టారు. మొదట దాని మీద చెక్కినవి 169 పేర్లు. వాళ్లలో డాక్టర్లు, శాస్త్రవేత్తలతో పాటు టెక్నీషియన్లు, నర్సులు ఉన్నారు.

ఇప్పటి మిషన్లతో అంత భయం లేదు. కానీ గుర్తుంచుకోవాల్సిన విషయం ఒకటుంది. సిబ్బందికి తగిలే రేడియేషన్‌లో ఎక్కువ భాగం నేరుగా ట్యూబ్ నుంచి రాదు. పేషెంట్ ఒంటికి తగిలి చెదిరి వస్తుంది. అందుకే దూరమే పెద్ద రక్షణ. మనిషి నిలబడే దూరం రెట్టింపైతే తగిలే మోతాదు సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. అర మిల్లీమీటరు సీసానికి సమానమైన ఆప్రాన్ చెదిరి వచ్చేదాన్ని తొంభై శాతానికి పైగా ఆపుతుంది. దాని బరువు అయిదారు కిలోలు. అది వేసుకుని రోజంతా నిలబడేవాళ్లు నడుంనొప్పితో నా ఓపీకి వస్తుంటారు. ఆప్రాన్‌ను మడిచి కుర్చీలో పడేస్తే లోపలి పొర చిట్లుతుంది, హ్యాంగర్‌కే వేలాడదీయాలి. ఈ చిన్న సంగతి పట్టించుకోని గదులు ఉన్నాయి.

మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి నిబంధన ప్రకారం రేడియేషన్ మధ్య పనిచేసేవారికి అయిదేళ్ల సగటు ఏడాదికి 20 మిల్లీసీవర్టులు దాటకూడదు. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదు. మామూలు జనానికి ఈ పరిమితి 1. లెక్క తెలియడానికి ఛాతీ దగ్గర, ఆప్రాన్ లోపల టీఎల్‌డీ బ్యాడ్జ్ పెట్టుకోవాలి. మూడు నెలలకోసారి దాన్ని పంపి, ఎంత మోతాదు తగిలిందో కొలిపిస్తారు. జరుగుతున్నదేమిటి? బ్యాడ్జ్ డ్రాయర్‌లో భద్రంగా ఉంటుంది, మనిషి గదిలో ఉంటాడు. రీడింగ్ ఎక్కువొస్తే కొన్నాళ్లు డ్యూటీ మారుస్తారేమో, జీతం తగ్గుతుందేమో అని కొందరి భయం. కొత్తగా చేరినవాళ్లకు నెలల తరబడి బ్యాడ్జే రాకపోవడం ఇంకో తీరు. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ మారినప్పుడల్లా మనిషి కొత్త ఉద్యోగిగా మొదలైతే, పాత మోతాదుల లెక్క అతనితో వచ్చిందా లేదా అని చూసేవారుండరు. జీతం బకాయి పడితే ఎప్పుడో ఒకప్పుడు అడిగి తెచ్చుకోవచ్చు. కొలవని మోతాదును తర్వాత కొలవలేం.

కళ్ల సంగతి మరీ నిర్లక్ష్యం. క్యాథ్‌ల్యాబ్ సిబ్బంది కంటి కటకాల్లో మసక మచ్చలు మామూలు జనంలో కన్నా ఎక్కువని పలు దేశాల పరిశీలనల్లో తేలింది. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 2011లో కంటికి పరిమితిని ఏడాదికి 150 నుంచి 20 మిల్లీసీవర్టులకు తగ్గించాలని చెప్పింది కూడా అందుకే. సీసం కళ్లద్దాలు డాక్టర్‌కు ఒక జత ఉంటే, పక్కనున్న టెక్నాలజిస్టుకు ఉండవు. ఇద్దరి కళ్లూ ఒకలాంటివే కదా!

మంచి టెక్నాలజిస్టు కాపాడేది తనను ఒక్కడినే కాదు. సెకనుకు 15 బొమ్మలకు బదులు ఏడున్నరతో సరిపెట్టినా, కావలసిన మేరకే కిరణాల వెడల్పు కుదించినా, డిటెక్టర్‌ను పేషెంట్‌కు వీలైనంత దగ్గరగా దించినా ఒంట్లోకి వెళ్లే రేడియేషన్ బాగా తగ్గుతుంది. ఎంత తగిలిందో మిషన్ చూపిస్తుంది. దాన్ని కేస్‌షీట్‌లో రాయాలి. గంటల తరబడి సాగిన కేసుల్లో చర్మానికి తగిలిన మోతాదు 5 గ్రేలు దాటితే పేషెంట్‌కు చెప్పి, తర్వాత కొన్ని వారాలు వీపు మీద చర్మాన్ని గమనించుకోమనాలి. మీ ఇంట్లో ఎవరికైనా అలాంటి ప్రొసీజర్ అయ్యాక రెండు మూడు వారాలకు వీపు మీద చతురస్రంగా ఎర్రబడితే, తామర అనుకుని ఆయింట్‌మెంట్ రాయకండి. చర్మ డాక్టర్‌కు ప్రొసీజర్ సంగతి ముందే చెప్పండి. అలాగే టేబుల్ ఎక్కకముందు మందుల అలర్జీ, కిడ్నీ సమస్య, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడకం, గర్భం ఉండే అవకాశం ఇవన్నీ డాక్టర్‌కు చెప్పినా సరే, టెక్నాలజిస్టు మళ్లీ అడిగితే విసుక్కోకుండా మళ్లీ చెప్పండి.

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు వద్దాం. మెదడులో పెద్ద ధమని గడ్డకట్టి మూసుకుపోతే, తగిన పేషెంట్లకు ఆ గడ్డను గొట్టంతో లాగేయొచ్చని 2015లో వెలువడిన పరిశోధనలతో రుజువైంది. సాధారణంగా ఆరు గంటల్లోపు, ఎంపిక చేసిన కొందరికి 24 గంటల దాకా అవకాశం ఉంటుంది. కానీ ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని లెక్క. పక్షవాతం ఆఫీసు వేళలు చూసుకుని రాదు. డాక్టర్, మత్తు డాక్టర్, నర్సు ముగ్గురూ వచ్చి నిలబడ్డా టెక్నాలజిస్టు ఊరవతల నుంచి బయల్దేరుతున్నాడంటే గది తెరుచుకోదు.

ఒక గదిలో రాత్రీ పగలూ ఒక్కరు ఉండాలన్నా వారానికి 168 గంటలు. వారానికి 48 గంటల డ్యూటీ లెక్కన ముగ్గురున్నర మంది కావాలి. సెలవులు, జబ్బులు, ప్రసూతి సెలవులు కలిపితే అయిదుగురు లేకుండా కుదరదు. ఇద్దరితో నెట్టుకొచ్చే గదులు నేను ఎరుగుదును. ఆ ఇద్దరిలో ఒకరికి స్కేలు, ఇంకొకరికి అదే పనికి ఏజెన్సీ ఇచ్చే జీతం. మిషన్ మంజూరు చేసే ఫైలులోనే ఈ అయిదు పోస్టులూ మంజూరు కావాలి. అవి లేకపోతే ఆ మిషన్‌ను 24 గంటల సేవ కింద లెక్క చూపకూడదు. మిషన్ ఏడాదిలో ఎన్ని రోజులు పనిచేసిందో లెక్క అడిగే అధికారులు, రాత్రి ఎనిమిది తర్వాత ఎన్ని కేసులు జరిగాయో కూడా అడగాలి.

చివరగా ఇంటర్ బైపీసీ పిల్లలున్న ఇళ్లకు కొన్ని మాటలు. నీట్‌లో ర్యాంకు రాక, మరేం చదివించాలో తెలియక వచ్చే తల్లిదండ్రులు చాలామంది ఈ కోర్సుల గురించి నన్నడుగుతుంటారు. చదువు మంచిది, పని గౌరవమైనది. రాత్రి డ్యూటీలు, ఆప్రాన్ బరువు ముందే తెలుసుకుని రావాలి. ఆడపిల్లయితే వెంటనే వచ్చే ప్రశ్న: ‘రేడియేషన్ కదండీ, రేపు పిల్లలూ?’ అబ్బాయి విషయంలో ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదనుకోండి! నిబంధనలు పాటించే చోట, బ్యాడ్జ్, ఆప్రాన్, దూరం ఉన్నచోట భయపడాల్సిన పని లేదు. గర్భం వచ్చిందని తెలియజేశాక కడుపులో బిడ్డకు తగిలే మోతాదు 1 మిల్లీసీవర్టు మించకుండా చూడాల్సిన బాధ్యత యాజమాన్యానిది. ఆ నెలల్లో అల్ట్రాసౌండ్, ఎమ్మారై లాంటి ఎక్స్‌రేలు లేని చోటికి మార్చమని అడిగే వీలూ ఉంది.

భయపడాల్సింది ‘ఆరు నెలల్లో కోర్సు, గ్యారంటీ ఉద్యోగం’ అనే గోడ ప్రకటనలకు. ఈ వృత్తులకు ఒక పద్ధతి తేవడానికే 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. రేడియాలజీ, ఇమేజింగ్ టెక్నాలజీ దాని పరిధిలోవే. ఫీజు కట్టేముందు డిగ్రీ అయితే ఆరోగ్య విశ్వవిద్యాలయం, డిప్లొమా అయితే రాష్ట్ర పారామెడికల్ బోర్డు అనుమతి ఉందో లేదో చూసుకోండి. ఆ తర్వాత పిల్లల్ని వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్లండి. అనుబంధ ఆస్పత్రిలో క్యాథ్‌ల్యాబ్ నిజంగా నడుస్తోందా, కిందటి నెలలో ఎన్ని కేసులు చేశారు, విద్యార్థుల్ని లోపలికి రానిస్తారా, అద్దం అవతలే నిలబెడతారా అని అడగండి. వీలైతే అక్కడ చదువుతున్న ఓ విద్యార్థిని పలకరించి, తన పేరు మీద టీఎల్‌డీ బ్యాడ్జ్ ఇచ్చారా అని కనుక్కోండి.