కాలయంత్రము

నవ్వించు చిత్రమునకు నాలుగు వారముల ఆయువే యని తలచు పండితులు కలరు. 1991 జూలై 18వ తేదీన వెలువడిన ‘ఆదిత్య 369’ ఆ తలంపును వమ్ము గావించినది. నూతన సాంకేతిక సంస్కారము నొంది, 2025 ఏప్రిల్ 4వ తేదీన అది మరల తెర కెక్కినది. నాటి బాలురు నేటి తండ్రులైరి. చిత్రము మాత్రము ముదియలేదు.

ఆంగ్ల రచయిత వెల్సు 1895లో కల్పించిన కాలయాత్రికుడు ముందునకే పరుగిడి, ఎనిమిది లక్షల సంవత్సరముల యవతల నిలిచెను. సింగీతము శ్రీనివాసరావుగారి కథానాయకుడు మొదట వెనుకకు మరలెను. అతడు చేరినది శ్రీకృష్ణదేవరాయల కొలువు. బాలకృష్ణగారే రాయలు, బాలకృష్ణగారే ఇరువదవ శతాబ్దపు యువకుడు. చంద్రమోహనుగారి తెనాలి రామకృష్ణుడు, జంధ్యాలగారి మాటలు, ఇళయరాజాగారి సంగీతము దీనికి తెలుగుదనము కూర్చినవి. పరభాషా బీజము మన మన్నున నాటుకొనుట యనగా నిట్టిదే.

లోపములు లేవని మేమనము. తన్నులాటలు, తత్తరపాటులు పిల్లల చేష్టలను మీరవు. శాస్త్రజ్ఞుడు ప్రశ్నింప నారంభించెనా, ఆ యంత్రము అంగుళమైనను కదలదు. అయినను ఈ యల్లరి నడుమ రెండు గంభీర విషయములు దాగియున్నవి. రాయలనాటి వజ్రము ప్రజల వస్తుశాలలో నుండగా దానిని తన సొంత భాండాగారమునకు తరలింపజూచు ధనికుడొకడు. మహాయుద్ధానంతరము 2504లో భూగర్భమున తలదాచుకొను మానవజాతి యొకటి. గతమును కొందరు అపహరించిన, భవిష్యత్తును కొందరు దహించిన, నడుమనున్న సామాన్యునికి మిగులున దేమి? నవ్వుచునే ఈ చిత్రము అడుగు ప్రశ్న యిది.

వేటపాలెము వారికి కాలయంత్రము క్రొత్తది కాదు. 1918లో వెలసి, 1929లో గాంధీమహాత్ముని హస్తమున భవనమునకు శంకుస్థాపన నొందిన సారస్వత నికేతనమే యది. అచ్చటి పాత పత్రికల కట్టలు విప్పిన పాఠకుడు ఏ మీటయు నొక్క నక్కరలేదు. 1921లో పురపాలక సంఘపు పన్నుల నెదిరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఇండ్లు వాకిండ్లు విడిచి రామనగరపు పాకలలో నివసించిన చీరాల పేరాల ప్రజల కాలమునకు క్షణములో చేరగలడు. ఈ వజ్రమునకు రాజు లేడు. చదువరి యెల్ల దీనికి హక్కుదారుడే.

కాని కాగితము పొడియగును. చిత్రపు చుట్ట కరగిపోవును. రఘుపతి వెంకయ్యగారి తండ్రీకొడుకుల ‘భీష్మప్రతిజ్ఞ’ను నేడు చూడవలెనన్న తెలుగువానికి దొరకదు. ‘ఆదిత్య’ను కాపాడిన సాంకేతికజ్ఞానమే జీర్ణపత్రికలను కాపాడగలదు, కొదువ యైనది విద్య కాదు, పూనిక. ప్రభుత్వము ధనమీయవలెను. ధనికులు చేయూత నీయవలెను. తక్కినవారము మన యటకలమీది పాత పత్రికలను తూకమునకు వేయుటకు ముందు గ్రంథాలయమువారికి చూపవలెను.

వెండితెర యంత్రము చెడినచో కథ యాగును. ఈ యంత్రము చెడినచో జాతి జ్ఞాపకమే యాగును.