దేశం లేనివాళ్ళ ఓటు

"దేశమే లేనివాళ్ళకి ఎన్నికలేమిటండీ?" అని సింహాచలంలో మా సంఘం సభ్యురాలొకామె నన్నడిగింది. అడగదగ్గ ప్రశ్నే. ధర్మశాలలోని టిబెటన్ల ప్రవాస ప్రభుత్వాన్ని ఏ దేశమూ గుర్తించలేదు. అయినా కర్ణాటకలోని బైలకుప్పె నుంచి అమెరికా దాకా చెదిరిపోయిన ఆ జనం 2001 నుంచి తమ ప్రభుత్వాధినేతని నేరుగా ఓటేసి ఎన్నుకుంటున్నారు. వాళ్ళ పార్లమెంటులో టిబెట్ మూడు ప్రాంతాలకీ పదేసి సీట్లున్నాయి. ప్రతి పదిలో కనీసం ఇద్దరు స్త్రీలుండాలని 1991 చార్టర్‌లో రాసుకున్నారు.

అలాగని వాళ్ళని నెత్తిన పెట్టుకోను. 2011, 2016, 2021 మూడుసార్లూ పై పదవికి చివరి పోటీ మగవాళ్ళ మధ్యే జరిగింది. "కనీసం ఇద్దరు" అన్నది మెల్లగా "ఇద్దరు చాలు" అయిపోతుంది. అది మనకి తెలియనిదా?

మా గ్రేటర్ విశాఖ కార్పొరేషన్‌లో సగం వార్డులు స్త్రీలవి. 2021లో మేయరు కూడా స్త్రీయే. అసెంబ్లీ, పార్లమెంటు దగ్గరకొచ్చేసరికి మాత్రం మూడోవంతు సీట్ల చట్టం రావడానికి 2023 దాకా పట్టింది. వచ్చినదానికీ జనాభా లెక్కలు, నియోజకవర్గాల పునర్విభజన అంటూ మెలిక పెట్టారు. 2024లో అది లేకుండానే ఓట్లేశాం. శరణార్థులు ఒక్క వాక్యంలో రాసుకున్నదానికి మనకిన్ని లెక్కలెందుకు? ఆ మెలిక తీసెయ్యమని మన సంఘాలన్నీ కలిసి అడగాలి.